గోవాలో పనిచేసింది గోదావరి జిల్లాలో పనిచేస్తుందా?

మన దేశంలో మద్యానికి పూర్తిగా బానిసలైనవారు 38 మంది ఉంటే, వారిలో ఏదో ఒక చికిత్స అందినది ఒక్కరికే. కేంద్ర సామాజిక న్యాయ శాఖ కోసం ఎయిమ్స్ వైద్యులు చేసి, 2019లో వెలువరించిన సర్వే చెప్పిన లెక్క ఇది. తాగేవారు దాదాపు 16 కోట్ల మంది అనీ, తాగుడు వల్ల చిక్కుల్లో పడి సాయం కావలసినవారు 5.7 కోట్ల మంది అనీ అదే సర్వే తేల్చింది. సమస్య తీవ్రంగా ఉన్న రాష్ట్రాల వరసలో ఆంధ్రప్రదేశ్ పేరు కూడా ఉంది. అంతకుముందు 2015–16లో నిమ్హాన్స్ 12 రాష్ట్రాల్లో చేసిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వేలోనూ ఇదే చిత్రం. కుంగుబాటు, ఆందోళన లాంటి సాధారణ మానసిక సమస్యలున్నవారిలో నూటికి 85 మంది దాకా వైద్యం ముఖం చూడనివారే. ఈ అంకెలు వినగానే ఎవరికైనా తోచే కారణం సైకియాట్రిస్టుల కొరత. కొరత ఉంది, కాదనలేం. అయితే రేపు పొద్దున ప్రతి మండలానికీ ఒక సైకియాట్రిస్టును పంపినా ఈ అంకెలు ఎంత మారతాయన్నది అనుమానమే. ఎందుకంటే చాలామంది రోగులు ఇప్పటికే ఏదో ఒక డాక్టరు దగ్గరికి వెళ్తున్నారు. ఒళ్ళు నొప్పులనో, నిద్ర పట్టడం లేదనో, కడుపులో మంటనో చెబుతారు. బీ కాంప్లెక్స్ ఇంజెక్షనూ నిద్రమాత్రా తీసుకుని ఇంటికి వస్తారు. జబ్బు పేరు ఎవరి నోటా రాదు.

తెలిసిన వైద్యం లేకపోతే ఇది సహజమే అనుకోవచ్చు. కానీ ఉంది. తాగుడు మానాలనుకునేవారికి తోడ్పడే నాల్ట్రెక్సోన్ మాత్రను ఆ పనికి అమెరికా 1994లోనే ఆమోదించింది. పన్నెండు మందికి ఇస్తే ఒకరు మళ్ళీ విపరీతంగా తాగే స్థితికి జారకుండా ఆపుతుందని 2014 నాటి ఒక పెద్ద సమీక్ష లెక్క కట్టింది. ‘ఇంతేనా?’ అనిపిస్తుంది. అప్పటిదాకా గుండెజబ్బు లేనివారు ముందుజాగ్రత్తగా ఏళ్ళ తరబడి మింగే కొలెస్ట్రాల్ మాత్రల లెక్కతో పోల్చి చూస్తే ఇది బాగా మెరుగైన ఫలితం. కొలెస్ట్రాల్ మాత్ర ఏ మందుల షాపులో అడిగినా దొరుకుతుంది. నాల్ట్రెక్సోన్ పేరే వినని తాగుడు రోగులు లక్షల్లో ఉన్నారు. పరిశోధనలో రుజువైన దానిలో 14 శాతం రోగి దాకా చేరడానికి సగటున 17 ఏళ్ళు పడుతోందని 2000లో బలాస్, బోరెన్ అనే ఇద్దరు పరిశోధకులు వేసిన అంచనాను వైద్యరంగంలో తరచూ ఉటంకిస్తారు. ఆ లెక్క కట్టిన తీరు మీద వాదాలున్నాయి గానీ, మానసిక వైద్యం విషయంలో అది ఉదారమైన అంచనాయే అనిపిస్తుంది. నేను చెప్పదలచుకున్నది ఇది: ఈ ఆలస్యాన్ని అధికారుల అలసత్వంగానో జనం అమాయకత్వంగానో చూసి నిట్టూర్చడం మాని, దాన్నే ఒక శాస్త్ర ప్రశ్నగా పట్టుకోవాలి. వైద్యం ఎవరి చేతుల మీదుగా, ఏ రూపంలో, ఎవరి పర్యవేక్షణలో రోగిని చేరితే నిలుస్తుంది? మందును పరీక్షించినంత కఠినంగా ఈ దారినీ పరీక్షించవచ్చు. గత పదిహేనేళ్ళలో ఆ పని మన దేశంలోనే చెప్పుకోదగ్గంత జరిగింది.

దీనికి మూలం 1996 నాటి ఒక అమెరికన్ ప్రయోగంలో ఉంది. కుంగుబాటుకు మాటలతో చేసే చికిత్సల్లో బాగా పేరున్నది కాగ్నిటివ్ థెరపీ. మనసులో తిరిగే తప్పుడు ఆలోచనలను ఒక్కొక్కటిగా పట్టుకుని సరిచేయడం దాని పద్ధతి. ఏళ్ళ శిక్షణ ఉంటే తప్ప చేయలేని పని. వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో నీల్ జాకబ్సన్ బృందం ఈ చికిత్సను భాగాలుగా విడదీసి, రోగులను లాటరీ పద్ధతిలో గుంపులు చేసి, ఏ భాగానికి ఎంత బలముందో చూసింది. మనిషిని మళ్ళీ రోజువారీ పనుల్లోకి, నలుగురిలోకి, ఇష్టమైన వ్యాపకాల్లోకి మెల్లగా తీసుకొచ్చే భాగం ఒక్కటే మొత్తం చికిత్సతో సమానంగా పనిచేసింది. కుంగిన మనిషి పనులు తగ్గించుకుంటాడు, తగ్గించుకున్నకొద్దీ సంతోషం కలిగే సందర్భాలు తగ్గుతాయి, దాంతో ఇంకా కుంగుతాడు. ఈ చక్రాన్ని ఆలోచన దగ్గర కాక పని దగ్గర తెగ్గొట్టినా సరిపోతుందన్నమాట. సిద్ధాంతపరంగా ఇది థెరపిస్టులకు ఇబ్బందికరమైన ఫలితం. వైద్యాన్ని ఊరికి చేర్చాలనుకునేవారికి మాత్రం వరమే. ఆలోచనలను విశ్లేషించడం నేర్పాలంటే ఏళ్ళు పడుతుంది. పనుల పట్టిక వేయించడం వారాల్లో నేర్పవచ్చు.

గోవాలో మానసిక వైద్య పరిశోధకుడు విక్రమ్ పటేల్, సంగత్ అనే సంస్థ బృందం చేసింది దీని కొనసాగింపే. మానసిక వైద్యంలో ఏ డిగ్రీ లేని స్థానిక యువతీయువకులకు శిక్షణ ఇచ్చి, ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో కూర్చోబెట్టారు. తీవ్రమైన కుంగుబాటు ఉన్న 495 మందిని లాటరీ పద్ధతిలో రెండు గుంపులు చేశారు. ఒక గుంపుకు పీహెచ్‌సీ డాక్టరు ఇచ్చే మామూలు వైద్యం. రెండో గుంపుకు దానితోపాటు ఆరు నుంచి ఎనిమిది దఫాల కౌన్సెలింగ్. మూడు నెలల తర్వాత కుంగుబాటు నుంచి బయటపడినవారు మొదటి గుంపులో నూటికి 39 మంది, రెండో గుంపులో 64 మంది. ఈ ఫలితాలు 2016 చివర లాన్సెట్ పత్రికలో వచ్చాయి. అదే బృందం హద్దు మీరి తాగే 377 మంది మగవాళ్ళ మీద గరిష్ఠంగా నాలుగు దఫాల కౌన్సెలింగ్‌ను పరీక్షించింది. అక్కడి ఫలితం అంత ఏకపక్షంగా లేదు. అంతకుముందు రెండు వారాలూ చుక్క ముట్టనివారు కౌన్సెలింగ్ గుంపులో 42 శాతం, మామూలు వైద్యం గుంపులో 18 శాతం. కానీ తాగుడు కొనసాగించినవారు తాగే మోతాదు మాత్రం తగ్గలేదు. మానగలిగినవారికి ఊతం దొరికింది, మిగతావారికి ఇంకేదో కావాలి. ఈ రెండో సగాన్ని దాచకుండా ప్రచురించడమే ఆ మొదటి సగాన్ని నమ్మదగినదిగా చేసింది. డీఅడిక్షన్ సెంటర్ల ప్రకటనల్లో కనిపించే ‘నూటికి నూరు శాతం గ్యారంటీ’ అన్న మాటకూ దీనికీ ఉన్న తేడాను పాఠకులు గమనించే ఉంటారు.

ఇంతదాకా విన్న తెలివైన పాఠకుడు అడగవలసిన ప్రశ్న ఒకటుంది. గోవా చిన్న రాష్ట్రం, చదువుకున్న రాష్ట్రం. పైగా ప్రయోగం చేసినవారు ప్రపంచంలో పేరున్న పరిశోధకులు. విదేశీ నిధులతో, ఎంచి తెచ్చిన మనుషులతో సాధించిన దాన్ని మన జిల్లాలో ఎవరు చేస్తారు? చాలా న్యాయమైన అభ్యంతరం. దీనికి జవాబు మహారాష్ట్ర, మధ్యప్రదేశ్‌ల నుంచి వచ్చింది, అదీ తియ్యగా లేదు. విదర్భలో రైతుల ఆత్మహత్యలతో నలిగిన అమరావతి జిల్లాలో 30 గ్రామాల్లో ఒక కార్యక్రమం నడిచింది. ఊరి మనుషులకే శిక్షణ ఇచ్చి, ఇళ్ళ దగ్గరికే వెళ్ళి మాట్లాడించారు. ముందుగా కుంగుబాటు అంటే ఏమిటో ఊరంతా చర్చ జరిగేలా చూశారు. పద్దెనిమిది నెలల్లో, కుంగుబాటు ఉండి సాయం కోసం ముందుకు వచ్చినవారి శాతం 4.3 నుంచి 27.2కు పెరిగింది. పోల్చి చూడడానికి కార్యక్రమం లేని గ్రామాలు ఈ అధ్యయనంలో లేవు కాబట్టి ఈ పెరుగుదలంతా దాని ఘనతేనని గట్టిగా చెప్పలేం. అయినా అంత పెద్ద మార్పును కొట్టిపారేయలేం. మధ్యప్రదేశ్‌లోని సీహోర్ జిల్లాలో అయిదు దేశాల ఉమ్మడి పరిశోధనలో భాగంగా మరో దారి పట్టారు. ప్రధానంగా ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాల్లోనే సేవలు ఏర్పాటు చేశారు, డాక్టర్లకు శిక్షణ ఇచ్చారు. అక్కడికి వచ్చి చికిత్స తీసుకున్నవారికి మేలు జరిగింది. కానీ జిల్లా జనాభాలో కుంగుబాటు ఉన్నవారందరినీ లెక్కలోకి తీసుకుంటే, సాయం కోసం వచ్చినవారి శాతంలో చెప్పుకోదగ్గ మార్పు కనపడలేదు. చికిత్స దాదాపు అదే. ఒకచోట అది జనం దగ్గరికి నడిచి వెళ్ళింది, ఇంకొకచోట గదిలో కూర్చుని జనం కోసం చూసింది. ప్రయోగశాలలో ఎంత వెతికినా ఈ తేడా తెలిసేది కాదు.

ఈ పాఠం వెంటే చూడవలసినది పశ్చిమ గోదావరి అనుభవం. జార్జ్ ఇన్‌స్టిట్యూట్ అనే ఆరోగ్య పరిశోధన సంస్థ వారు మొదట ఆ జిల్లా పల్లెల్లో, గిరిజన గ్రామాలతో సహా, ఒక పద్ధతిని చిన్న స్థాయిలో ప్రయత్నించారు. ఆశా కార్యకర్త ట్యాబ్ పట్టుకుని ఇంటింటికీ వెళ్తుంది. నిద్ర, ఆకలి, ఆసక్తి, చచ్చిపోవాలన్న తలపు లాంటి వాటి మీద తొమ్మిది ప్రశ్నలున్న పట్టిక ప్రకారం అడిగి స్కోరు నమోదు చేస్తుంది. స్కోరు ఎక్కువ వచ్చినవారి వివరాలు పీహెచ్‌సీ డాక్టరు ట్యాబ్‌లో కనిపిస్తాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ మార్గదర్శకాల ప్రకారం తర్వాత ఏం చేయాలో ఆ యాప్ సూచిస్తుంది. రోగి రాకపోయినా, మందు మధ్యలో ఆపేసినా ఆశాకు గుర్తు చేస్తుంది. ఊళ్ళో నాటకాలు, వీడియోలతో ‘పిచ్చి’ అన్న ముద్రను పోగొట్టే ప్రచారం అదనం. తర్వాత దీన్నే ఆంధ్రప్రదేశ్, హర్యానాలలో 44 పీహెచ్‌సీల పరిధిలో, సగం చోట్ల అమలు చేసి, సగం చోట్ల చేయకుండా పోల్చి చూశారు. ఏడాది తర్వాత, మొదట్లో ప్రమాదం ఎక్కువగా ఉన్నవారిలో బయటపడినవారు అమలైన చోట దాదాపు ముప్పావు వంతు, కానిచోట సగం. ఆ రెండో అంకె మీద కాసేపు ఆగాలి. ఈ పద్ధతి ఏదీ లేకుండానే సగం మంది కోలుకున్నారు. కుంగుబాటు చాలామందిలో దానంతటదే తగ్గుముఖం పడుతుంది. అందుకే ‘మా దగ్గరికి వచ్చినవారిలో సగం మందికి నయమైంది’ అని ఎవరైనా, స్వామీజీ గానీ డాక్టరు గానీ, చెప్పుకుంటే దానికి విలువ లేదు. పోల్చడానికి మరో గుంపు ఉన్నప్పుడే మిగతా పాతిక శాతం ఎవరి పుణ్యమో తెలుస్తుంది.

ఇక్కడే ఇంకో అభ్యంతరం వినిపిస్తుంది, అదీ గట్టిగానే. డబ్బున్నవారికి సైకియాట్రిస్టు, పేదవారికి కొన్ని రోజుల శిక్షణ పొందిన ఆశా. ఇది వైద్యమా, సర్దుబాటా? ఇంగ్లండులో జరిగిన ఒక పోలిక దీనికి నేరుగా సమాధానం ఇస్తుంది. అక్కడ 440 మంది కుంగుబాటు రోగుల్లో కొందరికి అనుభవజ్ఞులైన థెరపిస్టులతో పూర్తి కాగ్నిటివ్ థెరపీ, మిగతావారికి కింది స్థాయి సిబ్బందితో జాకబ్సన్ విడదీసిన ఆ ‘పనుల’ చికిత్స ఇచ్చారు. ఫలితాల్లో తేడా లేదు, ఖర్చు మాత్రం అయిదో వంతు తగ్గింది. ధనిక దేశం తన పౌరులకు చేస్తున్నదాన్ని పేదవారి కోసం చేసిన సర్దుబాటు అనలేం. అయితే అభ్యంతరంలో ఉన్న నిజాన్ని వదిలేయకూడదు. గోవా కౌన్సిలర్లు శిక్షణ అయ్యాక గాలికి వదిలినవారు కారు. తమ సంభాషణలను రికార్డు చేసేవారు, క్రమం తప్పకుండా కూర్చుని ఒకరి రికార్డింగ్ ఇంకొకరు విని, ఎక్కడ తొందరపడ్డారో, ఎక్కడ ఉపదేశంలోకి జారారో మార్కులు వేసుకునేవారు. నిపుణులు అవసరమైనప్పుడు అందుబాటులో ఉండేవారు. ఆ పర్యవేక్షణను తీసేసి శిక్షణను మాత్రం ఉంచితే మిగిలేది సర్టిఫికెట్టే. ప్రభుత్వ కార్యక్రమాల్లో మొదట కోత పడేది ఎప్పుడూ పర్యవేక్షణ ఖర్చుకే, ఎందుకంటే ఫొటోలో అది కనిపించదు.

మన చరిత్రే దీనికి సాక్ష్యం. జాతీయ మానసిక ఆరోగ్య కార్యక్రమం 1982లో మొదలైంది. నిమ్హాన్స్ బళ్ళారి జిల్లాలో పీహెచ్‌సీ డాక్టర్లు, కార్యకర్తలతో మానసిక వైద్యం నడపవచ్చని చేసి చూపింది. ఆ నమూనాతోనే 1996లో జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం నాలుగు జిల్లాల్లో మొదలైంది. వాటిలో మన మెదక్ ఒకటి. ఇప్పుడది 700కు పైగా జిల్లాల్లో ఉంది. అయితే మొదలైన దాదాపు ఇరవై ఏళ్ళకు కూడా చికిత్స అందనివారి శాతం 2015–16 సర్వేలో 85 దగ్గర ఉందంటే, బళ్ళారి తప్పు కాదది. బళ్ళారిలో పనిచేసినదేమిటో, దానిలో ఏ అంశం వదిలేస్తే కుప్పకూలుతుందో తేల్చకుండా పేరును మాత్రం ఊరూరా నాటడమే తప్పు. వరి వంగడాన్ని ఒక మండలం నుంచి ఇంకో మండలానికి తీసుకెళ్ళేటప్పుడు కూడా నేలా నీరూ చూసి మినీకిట్లు వేసి పరీక్షిస్తాం.

వ్యసనాల దగ్గరికి వస్తే అభ్యంతరం నైతికంగా మారుతుంది. హెరాయిన్‌కు బానిసైనవారికి బుప్రినార్ఫిన్ మాత్రను నెలలు, ఏళ్ళు ఇవ్వడం ఒక మత్తుకు బదులు ఇంకో మత్తు అలవాటు చేయడం కాదా? స్వీడన్‌లో 2003లో వచ్చిన ఒక చిన్న అధ్యయనం దీనికి సమాధానం. నలభై మంది. అందరికీ కౌన్సెలింగ్, గుంపు చర్చలు, వారానికి మూడుసార్లు మూత్ర పరీక్షలు సమానంగా ఉన్నాయి. సగం మందికి బుప్రినార్ఫిన్ ఏడాదంతా. మిగతా సగానికి ఆరు రోజులు తగ్గిస్తూ ఇచ్చి, తర్వాత ఉత్తుత్తి మాత్ర. ఏడాది చివరికి మొదటి గుంపులో నూటికి 75 మంది చికిత్సలో నిలిచారు. రెండో గుంపులో ఒక్కరూ మిగల్లేదు, నలుగురు చనిపోయారు. ఫ్రాన్స్ 1990ల మధ్య నుంచి మామూలు డాక్టర్లు కూడా ఈ మాత్ర రాసేలా అనుమతించింది. 1995–1999 మధ్య అక్కడ మోతాదు మించి చనిపోయేవారు దాదాపు అయిదింట నాలుగు వంతులు తగ్గారు. పంజాబ్ 2017 నుంచి నడుపుతున్న ఔట్‌పేషెంట్ క్లినిక్‌లకు ఆధారం ఇదే. మత్తు అంటే గాఢంగా ఎక్కి దిగడం, దానికోసం రోజంతా పరుగెత్తడం. ఈ మాత్ర ఆ ఎక్కుదిగుడును ఆపి మనిషికి రోజును తిరిగి ఇస్తుంది. దీన్ని మత్తు అంటే ఇన్సులిన్‌నూ అలవాటు అనాలి. అయితే అనుమతి ఒక్కటే చాలదని అమెరికా అనుభవం చెబుతోంది. ఈ మాత్ర రాయడానికి ప్రత్యేక లైసెన్సు కావాలన్న నిబంధనను అక్కడ 2022 చివర ఎత్తేశారు. రాసే డాక్టర్ల సంఖ్య పెరిగింది, మాత్ర తీసుకునే రోగుల సంఖ్య మాత్రం అంతగా కదల్లేదు. అడ్డు తొలగించడం వేరు, రోగిని చేర్చుకోవడం వేరు.

సరఫరా ఆపితే వ్యసనం ఆగుతుందన్న నమ్మకం తెలుగు నేలకు కొత్త కాదు, దాని ఫలితాలూ కొత్త కావు. తెలంగాణలో 2015లో కల్తీ కల్లు మీద దాడులు జరిగినప్పుడు నిజామాబాద్, మహబూబ్‌నగర్ లాంటి జిల్లాల్లో జనం వింతగా ప్రవర్తించడం, ఫిట్స్ రావడం, కొందరు చనిపోవడం పత్రికల్లో చూశాం. ఆ కల్లులో కలిపినవి అల్ప్రాజోలం, డైజిపాం లాంటి మందులు. అలవాటైన శరీరానికి అవి ఒక్కసారిగా ఆగితే మెదడు అదుపు తప్పుతుంది, ప్రాణం మీదికే రావచ్చు. మోతాదును వారాల తరబడి మెల్లగా తగ్గించాలని వైద్యశాస్త్రానికి ఎప్పటి నుంచో తెలుసు. అయిదేళ్ళకు 2020 మార్చి లాక్‌డౌన్‌లో కల్లు దుకాణాలు, వైన్‌షాపులు మూతపడగానే ఎర్రగడ్డ మానసిక ఆసుపత్రి ఓపీ అదే లక్షణాలతో కిటకిటలాడింది. కల్తీని అడ్డుకోవడం తప్పనడం లేదు. దుకాణం మూసే ఉత్తర్వుతోపాటే ఏ పీహెచ్‌సీలో ఏ మాత్ర, ఎన్ని స్ట్రిప్పులు ఉండాలో, తాగుడు మానేవారికి గ్లూకోజ్ ఎక్కించే ముందు బీ1 విటమిన్ ఇవ్వాలని ఎవరికి చెప్పాలో మరో కాగితం వెళ్ళాలి.

శాస్త్రాన్ని ఆచరణలోకి తేవడమంటే చేస్తున్నవాటిలో కొన్నిటిని ఆపడం కూడా. ప్రమాదమో విపత్తో జరగ్గానే బాధితులను కూర్చోబెట్టి జరిగినదంతా చెప్పించి, ఏడిపించి, ‘మనసు తేలిక’ చేయించడం చాలాచోట్ల రివాజు. కాలిన గాయాలతో ఆసుపత్రిలో చేరినవారి మీద 1997లో జరిగిన ఒక పరీక్షలో, ఇలా చెప్పించినవారిలో ఏడాది తర్వాత నూటికి 26 మందికి ఆ ఘటన పీడకలలా వెంటాడే జబ్బు కనిపించింది. ఏమీ చేయనివారిలో 9 మందికే. మంచి మనసుతో చేసినదీ హాని చేయగలదు. దీనికి ఎదురు ఉదాహరణ ఆల్కహాలిక్స్ అనానిమస్. తాగుడు మానిన మామూలు మనుషులు 1935లో మొదలుపెట్టిన ఈ సంఘాన్ని పరిశోధకులు చాలాకాలం అనుమానంగానే చూశారు. పదివేల మందికి పైగా పాల్గొన్న 27 అధ్యయనాలను కలిపి చూసిన 2020 సమీక్షలో, పూర్తిగా మానినవారి శాతంలో ఆ సంఘానికి అనుబంధమైన కార్యక్రమాలు నిపుణుల చికిత్సల కంటే మెరుగ్గా నిలిచాయి. రుజువు అడగడం వల్ల దెబ్బతినేది ఎప్పుడూ సంప్రదాయమే అనుకోనక్కర్లేదు.

‘ప్రతి మనిషి బాధా వేరు, అంకెల్లో పెడతారా?’ అన్న ప్రశ్న మిగిలే ఉంది. బాధను అంకెల్లో పూర్తిగా పెట్టలేం, నిజమే. కానీ బాధ తగ్గుతోందో లేదో చూడకుండా ఆరు నెలలు అదే మాత్ర రాయడం మనిషికి ఇచ్చిన గౌరవం కాదు. ఇంగ్లండులో 2008లో మొదలైన ప్రభుత్వ మానసిక చికిత్స పథకంలో రోగి వచ్చిన ప్రతిసారీ చిన్న ప్రశ్నావళి నింపుతాడు. అందువల్ల దాదాపు ప్రతి రోగికీ ముందూ తర్వాతా స్కోరు ఉంటుంది, ఏ ప్రాంతంలో ఎంతమంది కోలుకున్నారో అందరికీ కనిపించేలా ప్రచురిస్తారు. ఎక్కువకాలం వేచి ఉండవలసి వచ్చిన చోట, చాలినన్ని దఫాలు ఇవ్వని చోట ఫలితాలు తక్కువగా ఉన్నాయని బయటపడింది ఆ అంకెల వల్లే. స్కోరు కోసం పనిచేసే ప్రలోభం అక్కడా ఉంది, విమర్శలూ ఉన్నాయి. మన నివేదికల్లో మాత్రం ఎక్కువగా కనిపించేవి పెట్టిన శిబిరాలు, శిక్షణ పొందిన సిబ్బంది, వచ్చిపోయిన ఓపీ సంఖ్యలు. కోలుకున్నవారి సంఖ్యకు గడి ఉండదు. గర్భిణుల నమోదు నుంచి టీకాల దాకా ఇప్పటికే ఆశా మెడకు చుట్టిన పనులు చాలా ఉన్నాయి కాబట్టి, కొత్త గడి చేర్చేటప్పుడు పాత రిజిస్టర్లలో ఒకటి తీసేసి, ఆమెకు ఆ పనికి వేరే పారితోషికం ఇవ్వాలి. తొమ్మిది ప్రశ్నలు పశ్చిమ గోదావరి ఊళ్ళలో తెలుగులో అడిగారు, జనం జవాబిచ్చారు, స్కోర్లు నమోదయ్యాయి. వాటిని జిల్లా నెలవారీ నివేదికలోకి ఎక్కించడానికి మరో ప్రయోగం అక్కర్లేదు, కలెక్టరేట్ నుంచి ఒక సర్క్యులర్, వైద్యాధికారి దగ్గర దాన్ని చదివే మనిషి ఒకరు ఉంటే మొదలుపెట్టవచ్చు.